రెండో జత

మస్కట్ పోయినవాడు తిరిగొస్తే ఊరు ముందు చూసేది మనిషిని కాదు, సామానును. సమ్మయ్య బస్సు దిగిన రోజు ఊరికి చూడటానికి పెద్దగా ఏమీ దొరకలేదు. టేప్‌రికార్డర్ లేదు, పూల దుప్పట్లు లేవు, సెంటు సీసాలు లేవు. చేతిలో ఒక సంచి, ముక్కు మీద కళ్లద్దాలు. అంతే.

"ఏం తెచ్చినవ్ బావా?" అని అడిగినవాళ్లకు పాపం ఏమని చెప్తాడు? కళ్లు పోగొట్టుకొని వచ్చానని చెప్పుకోలేడు కదా.

అక్కడ అతనిది వెల్డింగ్ పని. మొహానికి అడ్డం పెట్టుకునే ముసుగు అద్దం పగిలిపోయింది. కొత్తది వచ్చేదాకా పని ఆపమన్నవాడు లేడు, ఆపితే ఊరుకునేవాడూ లేడు. ఉత్త కళ్లతోనే మంట ముందు కూర్చున్నాడు. గదికి వచ్చాక కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. తెల్లారితే మళ్లీ అదే మంట. చివరికి ఎండలోకి వస్తే రెప్పలు విప్పలేని దాకా వచ్చింది. కంటి మీద పొర మొదలైందని డాక్టరు తేల్చాడు. కంపెనీ అతన్ని ఇంటికి పంపించింది. పంపించేటప్పుడు ఇచ్చినవే ఆ అద్దాలు.

అక్కడి మలయాళీ కాంపౌండరు మంచివాడు. హిందీలో ఓపిగ్గా చెప్పాడు. కళ్లను కాల్చేది మనకు కనిపించే వెలుగు కాదు, దానితో పాటు కనపడకుండా వచ్చేది. బడి పుస్తకాలు దాన్ని అతినీలలోహిత కిరణాలంటాయి. సమ్మయ్య అంతదాకా చదవలేదు కాబట్టి 'కనపడని ఎండ' అని గుర్తు పెట్టుకున్నాడు. ఈ అద్దాలు దాన్ని ఆపుతాయి. అది తగిలితే నల్లబడతాయి, నీడకొస్తే కాసేపటికి మళ్లీ తెల్లబడతాయి. బజార్లో దొరికే నల్లద్దాల జోలికి మాత్రం పోవద్దని కాంపౌండరు మరీ మరీ చెప్పాడు. వాటిలో ఉన్నది నలుపే, అడ్డు కాదు. చీకటి పడిందనుకొని కంటిపాప పెద్దగా తెరుచుకుంటుంది, కనపడని ఎండ ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది.

ఇదంతా సమ్మయ్య తల్లి పోశవ్వకు, భార్య లచ్చవ్వకు చెప్పాడు. ఊరికి చెప్పలేదు. అద్దాల సంగతి చెబితే కళ్ల సంగతి బయటపడుతుంది.

ఊరు ఊరుకుంటుందా? తన లెక్క తను వేసుకుంది. పొలం కాడ చూసినవాళ్లకు నల్లద్దాలు, ఇంట్లో చూసినవాళ్లకు తెల్లద్దాలు. కల్లు తాగేచోట బక్కయ్య అందరి ముందూ అడిగేశాడు.

"ఇంట్లకోటి, బయటికోటా బావా? రెండు జతలు దెచ్చుకున్నవా?"

సమ్మయ్య ఔననలేదు, కాదనలేదు. మీసం తుడుచుకొని నవ్వాడు. ఉత్త చేతులతో వచ్చిన మనిషికి రెండు జతల మస్కట్ అద్దాలన్నా ఉన్నాయని ఊరనుకుంటే అనుకోనీ అని ఆ నవ్వు. అందులో తప్పేముందని నేనైతే అంటాను. కానీ అవి ఎలాంటి రోజులని!

మనిషికంటూ ఒక గుర్తు ఉండటమే ప్రమాదమైన రోజులవి. గడ్డం పెంచినవాడు గీయించుకున్నాడు. ఎర్ర తువ్వాలు ఉన్నవాడు దాన్ని పెట్టె అడుగున దాచుకున్నాడు. కాలు కుంటివాడు ఏం చేయాలో తెలియక ఇంట్లోనే కూర్చున్నాడు. పోలీసులకు మనుషుల పేర్లు తెలియవు, గుర్తులు తెలుసు. అడవిలో ఉన్న అన్నలకూ అంతే. ఆ ఎండాకాలం బస్సుల్లో, కిరాణా కొట్ల దగ్గర తిరిగిన గుర్తు ఒకటే. దళానికి సామాను మోసేవాడొకడు వేషం మారుస్తున్నాడట, ఒక ఊళ్లో నల్లద్దాలతో, ఇంకో ఊళ్లో తెల్లద్దాలతో కనిపిస్తున్నాడట.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి లచ్చవ్వకు అన్నం సహించలేదు.

"తీసెయ్యరాదు ఆ అద్దాలు?" అని పోరింది.

"తీస్తె కండ్లు పోతయి."

"పెట్టుకుంటె పానమే పోతదేమో."

"నేనేం జేసిన్నే? ఎవ్వని మూట మోసిన?"

"మోసినోళ్లనే గుంజుకపోతున్నరా?" అంది లచ్చవ్వ.

నల్లబడకుండా ఎండను ఆపే అద్దాలేమైనా ఉంటాయేమోనని ఇద్దరూ జగిత్యాల కంటి డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన అద్దాలను వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ సమ్మయ్య చేతిలోనే పెట్టాడు. "ఇసొంటివి ఈడ దొరకయి. పొర ముదరద్దంటె వీటినే పైలంగ కాపాడుకో" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కోరుట్లలో బస్సు కోసం నిలబడ్డారు. పొద్దు గూకింది. రోడ్డు పక్కన ఎవరో ట్రాలీకి వెల్డింగ్ చేస్తున్నారు. లచ్చవ్వ మొగుడి మొహం వంక చూసి ఉలిక్కిపడింది. అద్దాలు నల్లగా ఉన్నాయి.

"పొద్దు గూకినంక గూడ నల్లగైనయేంది? ఖరాబైనయా?"

సమ్మయ్య అప్పటికే మొహం పక్కకు తిప్పుకున్నాడు. "వాడు వెల్డింగ్ జేస్తుండు. నువ్వు గూడ అటు సూడకు" అన్నాడు. అంతలో బస్సు వచ్చింది.

పోలీసులు మధ్యాహ్నం పూట వచ్చారు. సమ్మయ్య ఇంట్లో అన్నం ముందు కూర్చొని ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్ రామస్వామి గడప దాటి లోపలికొచ్చి, అతని ముక్కు మీది అద్దాలు గుంజి తన జేబులో వేసుకున్నాడు.

"తెల్లయి దొరికినయి. నల్లయి ఏవి?"

"అవ్వే సార్. అవ్వే నల్లగైతయి" అన్నాడు సమ్మయ్య.

రామస్వామి ఇద్దరు కానిస్టేబుళ్ల వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నరా? అవ్వే నల్లగైతయట. మమ్ములను ఎడ్డోళ్ల లెక్క జూస్తున్నవారా?"

బియ్యం బస్తాలు కుమ్మరించారు. పెట్టె బోర్లించారు. పోశవ్వ చాప కింద కూడా వెతికారు. లేని జత ఎలా దొరుకుతుంది? దొరక్కపోవడంతో వాళ్ల అనుమానం ఇంకా ముదిరింది. సమ్మయ్యను బయటికి తీసుకుపోతుంటే అతను రెండు చేతులతో కళ్లు మూసుకొని గుడ్డివాడిలా తడబడుతూ నడిచాడు. సిగ్గుతో మొహం దాచుకుంటున్నాడని వాకిళ్లలో నిలబడ్డవాళ్లు అనుకున్నారు. లచ్చవ్వకు వాళ్ల మీద ఒళ్లు మండిపోయింది.

జీపు కదిలేముందు రామస్వామి ఆమెకొక మాట చెప్పాడు. బెదిరించినట్టు కూడా కాదు, సలహా ఇచ్చినట్టే చెప్పాడు. "రెండో జత ఏడ దాసిండో దెచ్చియ్యి. ఇడిసిపెడ్తం."

భయం మనిషి తెలివిని ఎంత చక్కగా వాడుకుంటుందో చూడండి. లచ్చవ్వ తెలివితక్కువది కాదు. వాళ్లకు కావలసింది రెండో జత. అది ఇస్తే వదిలేస్తామన్నారు. ఇంట్లో లేదు, మెట్‌పల్లి బజార్లో ఉంది. అత్తను ఇంటి దగ్గర ఉండమని చెప్పి బస్సెక్కింది. బస్టాండు ముందు గొడుగు కింద అద్దాలమ్మేవాడి దగ్గర సమ్మయ్య మొహం కొలత గుర్తు తెచ్చుకుంటూ, ఒక్కొక్క జతా తన చెవులకు పెట్టి చూసుకుంది.

"నీకా అమ్మా?" అన్నాడు వాడు నవ్వుతూ.

"మా ఇంటాయినకు" అంది.

నల్లటి జత ఒకటి కొన్నది. మరీ కొత్తగా మెరుస్తున్నాయి. కొత్తవని తెలిస్తే పట్టుబడతానని, అద్దం మీది కాగితం ముక్కను గోటితో గీకేసింది. చెవులకు తగిలించే పుల్లలను బస్టాండు గోడకేసి రాసింది. ఇంత మట్టి తీసి మడతల్లో రుద్ది, కొంగుతో తుడిచింది. నాలుగేళ్లు వాడినట్టు తయారయ్యాయి. పని కుదిరిందని ఆమెకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఠాణా దాకా సంచిని ఒళ్లోంచి కదిలించలేదు.

ఠాణా వాకిట్లో కాపలా గుడిసె చుట్టూ ఇనుప జాలీ బిగిస్తున్నారు. అన్నలు బాంబు విసిరితే ఆగడానికట. వెల్డింగ్ చేసే భూమన్న కరెంటు పోయిందని బీడీ కాలుస్తూ గోడవార కూర్చున్నాడు. పొద్దు గూకింది. లోపల లాంతరు పెట్టారు. ఎస్సై అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సమ్మయ్య గోడకు ఆనుకొని ఉన్నాడు. కళ్లు ఎర్రగా వాచాయి. ఒక చెంప కూడా వాచింది.

లచ్చవ్వ సంచిలోంచి అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇగో సారూ, రెండో జత. ఇగ మా ఆయినను ఇడిసిపెట్టుండ్రి."

సమ్మయ్య తలెత్తాడు. "లచ్చవ్వా! ఇదేం దెచ్చినవే?"

తను తెచ్చింది మొగుడి మీద సాక్ష్యమని ఆ అరుపుతోనే ఆమెకు అర్థమైంది. ఎస్సై నల్లద్దాలను లాంతరు దగ్గర తిప్పి తిప్పి చూశాడు. గీతలు చూశాడు, మట్టి చూశాడు. లేచి సమ్మయ్య మొహానికి పెట్టాడు. అచ్చంగా సరిపోయాయి. ఆమె అంత జాగ్రత్తగా ఎంచింది మరి.

"బాగ వాడినవే" అన్నాడు ఎస్సై. "ఒక్కటే జత అంటివి గదరా పగటి సంది? దెబ్బలు తిన్నవు గని నిజం చెప్పకపోతివి. నీ పెండ్లామే నయం." రామస్వామి వైపు తిరిగాడు. "వ్యానుకు ఖబర్ జెయ్యి. సిరిసిల్ల దిక్కు వీని దోస్తులెవలో వ్యానోళ్లే అడుగుతరు."

ఆ వ్యాను సంగతి ఊళ్లలో అందరికీ తెలుసు. అందులో ఎక్కినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. కొందరి గురించి తెల్లారి రేడియోలో చెప్పారు, ఎదురుకాల్పులని.

"నేను కొన్న సారూ! ఇయ్యాలనే మెట్‌పల్లిల కొన్న! నేనే గోడకు రాసి పాతయి జేసిన!" లచ్చవ్వ ఎస్సై కాళ్ల దగ్గర కూలబడింది. "మీరు అడిగిండ్రని కొన్న."

"ఇంతకుముందు రెండో జత అంటివి, ఇప్పుడు కొన్న జతనా? రేపు ఇంకేం జెప్తవ్?"

"తెల్లయే నల్లగైతయి సారూ! దేవుని మీద ఒట్టు."

ఎస్సైకి కోపం కన్నా విసుగు ఎక్కువున్నట్టుంది. సొరుగులోంచి సమ్మయ్య అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, పెద్ద టార్చి వేసి వాటి మీద పట్టాడు. అందరూ వంగి చూశారు. అద్దాలు తెల్లగానే ఉన్నాయి. టార్చిని ఇంకా దగ్గరికి తెచ్చాడు. తెల్లగానే ఉన్నాయి.

"అయితలేవు గదా?"

"ఎండకు అయితయి సార్" అన్నాడు సమ్మయ్య సన్నగా. "పొద్దటిదాక ఉంచుండ్రి. పొద్దున ఎండల సూడుండ్రి."

"పొద్దటిదాక ఈడ ఎవలుంచుకుంటరు నిన్ను?"

అప్పుడు కరెంటొచ్చింది. లోపల బల్బు వెలిగింది. వాకిట్లో భూమన్న బీడీ పారేసి పనిలోకి దిగినట్టున్నాడు. కిటికీలోంచి తెల్లటి మంట ఒక్కసారి గదినంతా కొట్టింది. సమ్మయ్య దెబ్బ తగిలినట్టు మొహాన్ని గోడకు తిప్పుకొని అరిచాడు. "అటు సూడకుండ్రి!"

అటు సూడకు. ఆ మాట లచ్చవ్వ ఇంతకుముందు విన్నది. కోరుట్లలో, పొద్దు గూకినంక. మొగుడి ముక్కు మీద నల్లగా మారిన అద్దాలు ఆమె కళ్ల ముందు కదిలాయి. అది ఎందుకు జరిగిందో ఆమెకు తెలియదు. మళ్లీ జరుగుతుందో లేదో కూడా తెలియదు. బల్ల మీది తెల్లద్దాలు అందుకొని వాకిట్లోకి ఉరికింది.

"ఏయ్! ఆగు!" కాపలావాడు తుపాకి ఎత్తాడు. ఎస్సై గడపలోకొచ్చి చెయ్యెత్తి వాణ్ని ఆపాడు. ఆమె పారిపోవడం లేదు. భూమన్న ముందు మోకాళ్ల మీద కూర్చొని, అద్దాలను మంటకు జానెడు దూరంలో పట్టుకుంది.

"కండ్లు మూసుకోవే అవ్వా! కండ్లు పోతయి!" అన్నాడు భూమన్న ముసుగు వెనక నుంచి.

"నువ్వు ఆపకు బిడ్డా. నీ కాల్మొక్త, ఆపకు."

కళ్లు మూసుకుంటే నల్లబడుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఆమె చూస్తూనే ఉంది. నిప్పురవ్వలు మణికట్టు మీద పడ్డాయి. అద్దంలో పొగ చూరినంత మసక కనపడిందనుకునేసరికి మంట ఆరిపోయింది. కరెంటు మళ్లీ పోయింది. చీకట్లో ఆమెకు ఏమీ కనిపించలేదు, కళ్ల ముందు ఆకుపచ్చ మచ్చ తప్ప.

"అయిపోయిందా తమాషా?" అన్నాడు రామస్వామి.

కొండగట్టు అంజన్నా, ఒక్కపారి కరెంటియ్యి సామీ. లచ్చవ్వ పైకే అంటోంది. చేతులు దించలేదు. ఎస్సై కూడా లోపలికి పోలేదు. అతనికీ చూడాలని బుద్ధి పుట్టిందో, ఆమె మొండితనానికి ఆగాడో. దూరంగా ఏదో బండి చప్పుడైతే వ్యానే వచ్చిందనుకుంది. లారీ, దాటిపోయింది.

బల్బు వెలిగింది. భూమన్న, ఎవరూ చెప్పకుండానే, కడ్డీని ఇనుముకు ఆనించాడు. ఈసారి మంట నిలిచింది. చిన్నగా, ముందు బూడిద రంగు, తర్వాత కాటుక రంగు. అద్దాలు నల్లబడ్డాయి.

ఆమె వాటిని ఎత్తిపట్టుకొని ఎస్సై దగ్గరికి పరుగెత్తింది. "సూడుండ్రి సారూ! సూడుండ్రి!"

ఎస్సై వాటిని బల్బు కిందికి తీసుకుపోయాడు. నల్లటి అద్దాలు అతని చేతిలోనే మెల్లగా తెల్లబడటం చూశాడు. భూమన్న దగ్గరికి తనే పోయి, మొహం పక్కకు తిప్పుకొని ఇంకోసారి నల్లగా చేయించాడు. పెద్దమనిషి మొహంలో ఆటబొమ్మ దొరికిన సంతోషం. రామస్వామి వ్యాను సంగతి అడిగితే "వద్దని చెప్పు" అన్నాడు.

లచ్చవ్వ ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు.

"పోండి ఇంటికి" అన్నాడు ఎస్సై. మెట్‌పల్లి జతను ఆమె సంచిలోకి విసిరాడు. మస్కట్ జతను తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సార్, నా కండ్లకు..." అన్నాడు సమ్మయ్య.

"ఇవి ఎండల గూడ చూడాలె గద. నువ్వన్నట్టు నల్లగైతే సరే. ఎన్నడన్న కాలేదనుకో, ఏదో మందు పూసి నన్ను మోసం జేసినట్టే. అప్పుడు నిన్ను ఎవ్వలడుగుతరో తెల్సుగద?"

ఆ రాత్రి చీకట్లో నడిచినంత సేపు సమ్మయ్యకు కళ్లద్దాలతో పని పడలేదు. తెల్లారేసరికి లచ్చవ్వ కళ్లు వాచిపోయాయి. ఇసుక పోసినట్టుందని మూలిగింది. ఆ ఇసుక ఎలాంటిదో సమ్మయ్యకు తెలుసు. ఆలుగడ్డను పలుచగా కోసి ఆమె రెప్పల మీద పెట్టి, తలుపులు మూసి, చెయ్యి పట్టుకొని చీకట్లో కూర్చున్నాడు. "రెండు రోజులల్ల తగ్గుతది. ఒక్కపారికేం గాదు. నా లెక్క గాదు నీకు" అన్నాడు. ఏడుస్తున్నాడని గొంతును బట్టి ఆమెకు తెలిసింది.

పొద్దెక్కాక వాకిట్లో జీపు ఆగింది.

"సమ్మయ్యా! బయటికి రా!" ఎస్సై గొంతు. కోపంగా ఉంది.

లచ్చవ్వ లేవబోయింది, కళ్లు తెరుచుకోలేదు. తడుముకుంటూ గడప దాకా వచ్చింది. సమ్మయ్య తువ్వాలు నెత్తిన కప్పుకొని ఎండలో నిలబడ్డాడు.

"పొద్దటి సంది పెట్టుకొని జీపులనే తిరుగుతున్న. ఒక్కపారి గూడ నల్లగ కాలె. ఏం జేసినవ్ రాత్రి?"

జీపు ముందు అద్దమే ఆ కనపడని ఎండను ఆపేస్తుందని, కళ్లద్దాల దాకా రానివ్వదని ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. సమ్మయ్యకు అసలే తెలియదు. అద్దాలు నిజంగానే చెడిపోయాయనుకున్నాడు.

"సారూ" అంది లచ్చవ్వ, కళ్లు మూసుకునే. "కిందికి దిగుండ్రి. మా వాకిట్ల నిలబడుండ్రి ఒక్క గడియ. మీకు దండం బెడ్త."

జీపు దిగిన చప్పుడైంది. బూట్లు రాళ్ల మీద నడిచాయి. లచ్చవ్వ రెప్పలు వేళ్లతో విడదీసుకొని చూడబోయింది, నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

"అయినయా అత్తా? నల్లగైనయా?"

"అయినయే" అంది పోశవ్వ. "బొగ్గు లెక్క అయినయి."

ఎస్సై నవ్వాడు. జీపెక్కాడు. అద్దాలు అతని ముక్కు మీదనే పోయాయి. ఇయ్యుండ్రి అని అడగడానికి సమ్మయ్యకు నోరు రాలేదు. అడగనందుకు అతన్ని ఏమనగలం?

మెట్‌పల్లి జతను లచ్చవ్వ పెంటకుప్పలో పూడ్చేసింది. సమ్మయ్య తువ్వాలు కళ్ల మీదికి లాక్కొని పొలం పోవడం నేర్చుకున్నాడు. పొర ఏడాదికేడాది ముదిరింది. ఠాణా జీపు ఊళ్లోకొచ్చి ఆగినప్పుడల్లా లచ్చవ్వ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. ఎస్సై దిగి ఎండలో నిలబడి, అద్దాలు నల్లబడేదాకా కదలకుండా చూసేది.

ఎస్సై వాకిట్లోకి వచ్చిపోయిన వారంలోనే, శనివారం నాడు ఆమె కొండగట్టు పోయి కొబ్బరికాయ కొట్టింది. మొగుని కండ్లు బాగుండాలని మొక్కుకున్నావా అని పోశవ్వ అడిగింది.

"లే" అంది లచ్చవ్వ. "ఎస్సై అద్దాలు బాగుండాలని మొక్కిన."